40 గంటల శిక్షణ దేనికి?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక నాకు కొంత తీరిక దొరికింది. ఇంట్లో హింసకు గురవుతున్న దక్షిణాసియా స్త్రీలకు అండగా నిలిచే ఒక సంస్థలో వాలంటీరుగా చేరదామని వెళ్తే, ముందు 40 గంటల శిక్షణ పూర్తిచేయాలన్నారు. తెలుగింటి ఆడపిల్ల కష్టం సాటి తెలుగు ఆడదానికి తెలియదా? నాలుగు మంచి మాటలు చెప్పి, వీలైతే భర్తతో కూడా మాట్లాడి సర్దిచెప్పడానికి ఇంత శిక్షణ అవసరమా?

జవాబు: ఆ శిక్షణ ఎందుకో మీ ఆఖరి వాక్యమే చెబుతోంది. సర్దిచెప్పే పెద్దవాళ్ళు ఆమెకు ఇప్పటికే చాలామంది ఉండి ఉంటారు. అత్తగారు చెప్పి ఉంటారు, హైదరాబాద్ నుంచి వాళ్ళమ్మ ఫోనులో చెప్పి ఉంటుంది, పక్కింటి అక్కయ్య చెప్పి ఉంటుంది. అంతమంది చెప్పినా దెబ్బలు ఆగకపోబట్టే న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్క్‌లో 1989లో సఖి, మీ బే ఏరియాలోనే 1991లో మైత్రి అనే ఇలాంటి సంస్థలు పుట్టాయి. ఇక మీరు భర్తకు ఫోను చేస్తే, ఆమె బయట ఎవరికో చెప్పుకుందన్న సంగతి అతనికి తెలిసిపోతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీరు చూడబోరు.

40 అన్న అంకె ఆ సంస్థ తన ఇష్టానికి పెట్టుకున్నది కాదు. కాలిఫోర్నియా సాక్ష్య చట్టం ప్రకారం, ఇలాంటి సంస్థలో జీతానికైనా ఉచితంగానైనా పనిచేసే సలహాదారు కనీసం 40 గంటల శిక్షణ పొంది ఉంటేనే, బాధితురాలు ఆంతరంగికంగా చెప్పుకున్న మాటలకు కోర్టులో గోప్యతా రక్షణ దక్కుతుంది.

ఆ గంటల్లో ఎక్కువ భాగం వినడం నేర్చుకోవడానికే సరిపోతుంది. నేనూ ఒకప్పుడు అలాంటి తరగతిలో కూర్చున్నదాన్నే. మొదటి అభ్యాసంలో ఫోను చేసిన స్త్రీ పాత్ర వేసినామె "ఏం లేదండీ, నిన్న ఆయన కాస్త చెయ్యి చేసుకున్నారు" అని ఊరుకుంది. నేను వెంటనే ధైర్యం చెప్పడం మొదలుపెట్టాను. శిక్షకురాలు ఆపి, "ఆమె క్షేమంగా ఉందో లేదో అడిగారా? భర్త పక్క గదిలో ఉన్నాడేమో కనుక్కున్నారా?" అన్నారు. అవును, కాదు అని మాత్రమే చెప్పి తప్పించుకోగలిగే ప్రశ్నలు ముందు అడగాలనీ, తిరిగి ఫోను చేయవచ్చో లేదో, చేస్తే ఏ వేళ చేయాలో ఆమెనే అడగాలనీ, కుటుంబమంతటికీ ఒకే ఫోను ప్లాను ఉన్నప్పుడు ఏ నంబరుకు కాల్ వెళ్ళిందో భర్త చూడగలడనీ ఆ పూట తెలిసింది.

మన భాష మన బలమే, కానీ అందులోనూ ఒక చిక్కుంది. మన ఆడవాళ్ళు ఒంటి మీద వాతలు తేలినా "గొడవపడ్డాం" అంటారు. దుబాసీగా నిలబడ్డ మీరు దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పోలీసులకు అప్పజెబితే, ఇద్దరూ కొట్టుకున్నారన్న అర్థం రావచ్చు. అలాగని మీ సొంత ఊహ కలిపి చెప్పడం కూడా తప్పే. ఏం జరిగిందో ఆమె నోటితోనే విడమరచి చెప్పేలా ప్రశ్న అడగమని పోలీసులను కోరడం మధ్యేమార్గం. "గొంతు పట్టుకున్నాడు" అన్న మాట వినబడితే మాత్రం తేలిగ్గా దాటిపోకండి. గొంతు నులమడం ముందుముందు ప్రాణాపాయానికి బలమైన సూచన. పైకి గాయం కనబడకపోయినా డాక్టరుకు చూపించాలి.

"మరి వదిలేసి రావచ్చుగా" అన్న మాట నోటిదాకా వస్తుంది, ఆపుకోవాలి. ఇల్లు విడిచే సమయమే తరచుగా అన్నిటికన్నా ప్రమాదకరమైనది. వెళ్ళాలా, ఉండాలా అన్నది ఆమె నిర్ణయం. పాస్‌పోర్టు, పెళ్ళి ధ్రువపత్రం, పిల్లల జనన పత్రాల నకళ్ళు ఎక్కడ దాచాలో, అర్ధరాత్రి ఏ గుమ్మంలోంచి బయటపడాలో ఆమెతో కలిసి ఆలోచించడం మీ పని. వీసా విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. "నన్ను కాదంటే ఇండియాకు పంపించేస్తారు" అన్నది మన ఇళ్ళలో వినబడే బెదిరింపే. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే భార్య తనంతట తాను గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలును 1994 నాటి చట్టం కల్పించింది. భర్త ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకు ఆ దారి లేదు గానీ, హింసకు గురైనవారు పని అనుమతి కోరే వీలు 2005 నాటి సవరణతో వచ్చింది. ఇలాంటి దారులున్నాయని తెలిసి ఉండడం వరకే వాలంటీరు పని. ఆమె విషయంలో ఏది వర్తిస్తుందో చెప్పవలసింది ఇమిగ్రేషన్ లాయరు.

మీరడగని విషయం ఒకటుంది. ఫ్రీమాంట్ తెలుగువాళ్ళలో ఎవరు ఎవరికి బంధువో మీకే బాగా తెలుసు. రేపు ఉగాది వేడుకలో ఆమె భర్తతో కలిసి మీకు ఎదురైతే, ఆమె పలకరిస్తే తప్ప మీరు పలకరించకూడదు. ఇంటికొచ్చాక మీవారితో కూడా ఆ మాట అనకూడదు. ఇది చేయగలననుకుంటే వెంటనే చేరండి. దరఖాస్తులో తెలుగు వచ్చునని స్పష్టంగా రాయండి, ఎందుకంటే హిందీలో బాధ చెప్పుకోలేక మధ్యలోనే ఫోను పెట్టేసే మనవాళ్ళు ఉంటారు.