ఆల్ఫా 0.71 దగ్గర ఆగిపోవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ తొలి పరిశోధన వ్యాసం ముసాయిదా చదివాను. విద్యార్థుల ఆత్మగౌరవాన్ని కొలవడానికి 1965 నాటి రోజెన్‌బర్గ్ స్కేలును ఎంచుకోవడం బాగుంది. కాని ఫలితాల భాగం "క్రోన్‌బాక్ ఆల్ఫా 0.71 వచ్చింది కనుక స్కేలు నమ్మదగినది" అంటూ మొదలై, నేరుగా రెండు వర్గాల సగటులను పోల్చే టి-పరీక్షలోకి దూకేసింది. ఆల్ఫా అంటే వాక్యాల జవాబులు ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నాయని చూపడానికి వాడే అంకె.

ఆ స్కేలులో పది వాక్యాలుంటాయి. ఐదు తనను తాను మెచ్చుకునేవి, ఐదు తక్కువ చేసుకునేవి. జవాబులకు 1 నుంచి 4 దాకా అంకెలు వేసి, రెండో రకం వాక్యాల అంకెను 5లోంచి తీసివేసి తిప్పి రాసుకోవాలని నీకు తెలుసు. ఇప్పుడు, ఏదీ చదవకుండా పైనుంచి కిందిదాకా "పూర్తిగా ఒప్పుకుంటాను" దగ్గరే టిక్కు పెట్టుకుంటూ పోయిన విద్యార్థి సంగతి చూడు. మొదటి రకానికి 20, తిప్పిన వాటికి 5, మొత్తం 25. మార్కులు 10 నుంచి 40 దాకా ఉండే ఈ స్కేలులో అది సరిగ్గా నడిమధ్య! అంటే, అసలు జవాబే చెప్పని మనిషి నీ పట్టికలో మధ్యస్థమైన ఆత్మగౌరవం గలవాడిగా కూర్చుంటాడు. మొత్తం మార్కులు ఎంత పరిశీలించినా దొరకడు, తిప్పకముందటి జవాబులను వరుసవారీగా చూస్తేనే దొరుకుతాడు. అలాంటి వారిని ఏ నియమం ప్రకారం, ఎంతమందిని తీసేశావో రాయాలి, ఆ నియమం ఫలితాలు చూడకముందే పెట్టుకున్నదై ఉండాలి.

ఇక ఆల్ఫా. వాక్యాల మధ్య సగటు సహసంబంధం (రెండు వాక్యాల జవాబులు కలిసి మారే తీరుకు కొలత) 0.2 మాత్రమే ఉన్నా, దాన్నుంచే లెక్కించే ప్రామాణీకరించిన ఆల్ఫా ఐదు వాక్యాలకు సుమారు 0.56, పదికి 0.71, ఇరవైకి 0.83 వస్తుంది. పెరిగింది వాక్యాల సంఖ్యే తప్ప వాటి మధ్య పొందిక కాదు. అన్నీ ఒకే గుణాన్ని కొలుస్తున్నాయని కూడా ఆల్ఫా రుజువు చేయదు. దానికి ఫ్యాక్టర్ ఎనాలిసిస్ కావాలి, అంటే జవాబుల వెనుక ఎన్ని గుణాలు (ఫ్యాక్టర్లు) దాగున్నాయో వెతికే పద్ధతి. ఈ స్కేలులోనే రెండు రకాల వాక్యాలు రెండు ఫ్యాక్టర్లుగా విడిపోవడం పలు అధ్యయనాల్లో కనిపించింది. ఎంచుకోవడానికి ఉన్న జవాబులు నాలుగే కనుక, ఇలాంటి మెట్ల జవాబులకోసం ఉన్న పాలీకోరిక్ సహసంబంధాలు వాడు. ఎన్ని ఫ్యాక్టర్లో తేల్చడానికి ఐగెన్ విలువ (జవాబుల్లోని తేడాల్లో ఒక ఫ్యాక్టర్ ఎంత వివరిస్తుందో చెప్పే అంకె) 1 దాటితే చాలనే పాత అలవాటుకన్నా, ఆ విలువలను యాదృచ్ఛిక అంకెల నుంచి వచ్చే వాటితో పోల్చే, 1965లో హార్న్ సూచించిన సమాంతర విశ్లేషణ మేలు.

ఇలా ఒప్పుకోలు మెట్లుగా ఇచ్చే లైకర్ట్ జవాబులకు సగటు తీయవచ్చా అన్న పాత తగువులో ఎక్కువసేపు ఉండనవసరం లేదు. పది వాక్యాల మొత్తానికి తీయడంలో నాకు అభ్యంతరం లేదు. 1932లో లైకర్ట్ ప్రతిపాదించినదీ కూడికే. ఒక్కో వాక్యానికి మాత్రం శాతాల పట్టిక ఇవ్వు.

టి-పరీక్షలో పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా లేదా అంతకన్నా ఎక్కువ కనిపించే సంభావ్యత) 0.05 లోపుందని చెప్పి ఊరుకున్నావు. రెండు వర్గాల సగటుల మధ్య తేడా ఎన్ని మార్కులో, దాని విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల అంచనా హద్దులు) ఎంతో చేర్చి మళ్లీ పంపు.