పాత ఫియట్ తలుపులు పీకేయకు

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ రాత్రి భోజనం అయ్యాక ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. ముందు తలుపు పిడి ముందు అద్దం పక్కన కనిపించింది. ఆ ఒక్క ఫొటో చాలు, నీ చేతికి వచ్చింది ఫియట్ 1100 కారులో పాత రకమని చెప్పడానికి. నాకు ఎంత సంతోషం కలిగిందో రాయలేను. ఆ వెంటనే నువ్వు రాసిన మాట చదివి గుండె ఆగినంత పని అయింది. తిరగేసిన తలుపులు ప్రమాదమనీ, ప్రీమియర్ పద్మిని కారు తలుపులు తెచ్చి వేయిస్తే సరిపోతుందనీ గుంటూరులో ఎవరో చెప్పారన్నావు. ఆ పని మాత్రం చేయకు. ఎందుకు వద్దంటున్నానో కాస్త ఓపికగా చదువు.

1953లో ఇటలీలో 1100/103 అనే నీ బండి రకం వచ్చినప్పుడు ముందు తలుపూ, వెనక తలుపూ రెండూ నడిమి పిల్లరుకే వేలాడేవి. మన వీధి తలుపుకు రెండు రెక్కలు చెరో పక్క గోడకు ఉండి మధ్యలో కలుస్తాయి కదా, దానికి ఇది సరిగ్గా ఎదురు. మధ్య స్తంభం కదలదు, రెక్కలు రెండూ దాని మీదికి విచ్చుకుంటాయి. ఎక్కడానికి, దిగడానికి ఇంతకంటే సుఖమైన తలుపు లేదు. నేను పనికి చేరిన కొత్తలో మా షెడ్డుకు వచ్చే ఒక డాక్టరు గారి తల్లి, మోకాళ్ల నొప్పులున్న మనిషి, ఎవరి సాయమూ లేకుండా ఆ ముందు సీట్లో వెనక్కి ఆనుకుని కూర్చుని, కుచ్చిళ్లు సర్దుకుని, కాళ్లు లోపలికి తిప్పుకునేవారు. ఇప్పటి కార్లలో అలా కూర్చోలేరు, తల వంచి దూరాల్సిందే.

అయితే నీకు చెప్పినవాళ్లు భయపడిన విషయం కూడా నిజమే. ముందు బందులున్న తలుపు నడిచే బండిలో లాకు జారినా, ఎదురుగాలి దాన్ని మూసే వైపే నొక్కుతుంది. నీ బండి తలుపుకు గాలి ముందు అంచు కింద దూరి, పూర్తిగా వెనక్కి విసిరేస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను. ఒక బండికి లాకు తగిలే ప్లేటు నేనే బిగించాను. మూడు స్క్రూల్లో ఒకదాని మర తెగి ఉందని తెలుసు. రేపు చూద్దామని రెండింటితో పంపాను. మంగళగిరి దాటాక తలుపు తెరుచుకుని, వెళ్లి వెనక తలుపు రేకును కొట్టింది. పక్క సీట్లో పూలబుట్ట తప్ప మనిషి లేడు. బుట్ట రోడ్డు మీద పడి మల్లెలు చెల్లాచెదురయ్యాయని ఓనరు గారు చెబుతుంటే నాకు చేతులు వణికాయి. ఆ రోజు నుంచి ఆ ప్లేటు స్క్రూలు ఇంకొకరి చేత బిగించనివ్వలేదు.

కంపెనీ కూడా ఈ తలుపును వదులుకుంది. 1962లో వచ్చిన 1100డి నాటికి ముందు తలుపు బందులు ముందు పిల్లరుకు, లాకు నడిమి పిల్లరుకు మారిపోయాయి. మన దేశంలో ప్రీమియర్ వాళ్లు బొంబాయి కుర్లాలో 1964 నుంచి తయారు చేసింది ఆ 1100డినే. తర్వాత పద్మిని అన్న పేరుతో మనమంతా ఎక్కి తిరిగినది అదే బండి. ఫియట్ 600కు 1964లో, బుజ్జి 500కు 1965లో ఇదే మార్పు చేశారు. విచిత్రం ఏమిటంటే, ఆ 500లోనే వెనక సామాన్లు పెట్టుకునే జార్డినియెరా అనే రకం మాత్రం చివరిదాకా పాత తలుపులతోనే నడిచింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తలుపు మారిందంటే రేకు ఒక్కటే మారలేదు. బరువు మోసే పిల్లరు మారింది. నీ బండి ముందు పిల్లరు లాకు పట్టుకోవడానికి పెట్టినది, తలుపు మోయడానికి కాదు. దానికి పద్మిని తలుపు వేలాడదీస్తే, లోపల ఎన్ని పట్టీలు వెల్డింగ్ చేసినా, గతుకుల రోడ్డు మీద కొన్నాళ్లకు తలుపు కుంగుతుంది. ప్రమాదం పోకపోగా ఇంకొకటి వచ్చి చేరుతుంది. బండి కూడా అటూ ఇటూ కాకుండా పోతుంది.

కాబట్టి ఉన్న తలుపులనే నిలబెట్టు. అవి ఊడదీయక ముందే ఒక పరీక్ష చెయ్యి. ఈ బండికి వేరే చాసిస్ లేదు, బాడీయే దాని ఎముకలగూడు. తలుపులు మూసి, చుట్టూ ఉన్న సందు అంగుళం అంగుళం కొలిచి కాగితం మీద రాసుకో. తర్వాత తలుపుల కింద గడప మధ్యలో, అడ్డంగా చెక్క పెట్టి, జాకీ మెల్లగా ఎత్తు. సందు మారకపోతే గడప గట్టిగా ఉన్నట్టు. సందు మారినా, తలుపు పట్టేసినా లోపల తుప్పు తినేసినట్టు. అప్పుడు ముందు గడప పని, ఆ తర్వాతే తలుపుల మాట. తలుపులు ఊడదీశాక గడప కోస్తే బాడీ వంగిపోతుంది, మళ్లీ ఏ టింకరింగ్ మేస్త్రీ సరిచేయలేడు. తలుపులు వాటి చోట ఉండగానే, కింద ఆసరాలు పెట్టి చేయించు.

నడిమి పిల్లరు అడుగున స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడు. ఒక వైపున్న రెండు తలుపుల బరువూ దాని మీదే. పుట్టీ రాలితే మొహమాటపడకుండా గీకించు.

తలుపు తెరిచి, లాకు ఉన్న ముందు చివర పట్టుకుని పైకి ఎత్తు. టకటకమంటే బందుల పిన్నులు అరిగాయి. కొత్త పిన్నులు మా వీధిలో లేతు మీద తీయిస్తాను, నువ్వు ఖర్చు గురించి ఆలోచించకు. తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులు ఉంటాయి. రంగు వేసేవాళ్లు వాటిని మూసేస్తుంటారు, తీగ పెట్టి తెరిపించు.

తలుపు చుట్టూ వేసే రబ్బరు దగ్గర చాలామంది దెబ్బ తింటారు. ఆ కొత్త రబ్బరు మందంగా ఉంటే తలుపు బయటికి తోసుకువచ్చి, లాకు సగమే పడుతుంది. మూసుకుందనే అనిపిస్తుంది. మంగళగిరి దగ్గర జరిగినట్టే మళ్లీ తలుపు తెరుచుకోవచ్చు. రబ్బరుకూ తలుపుకూ మధ్య చిన్న కాగితం పెట్టి మూసి లాగు. కాస్త బిగువుగా వస్తే చాలు. అసలు రాకపోతే ఆ రబ్బరు మార్చు, లాకును సుత్తితో సరిచేయించకు.

సీటు బెల్టులు తప్పక వేయించు. తలుపు వేసిన ప్రతిసారీ చేత్తో ఒకసారి బయటికి తోసి చూసే అలవాటు చేసుకో. పిల్లలను ముందు కూర్చోబెట్టకు. రోడ్డు వైపు దిగేటప్పుడు వెనక ఏ బండీ రావడం లేదని చూసుకునే తలుపు తెరువు. సగం దిగి ఉండగా ఆ తలుపుకు ఏదైనా తగిలితే అది నీ కాలి మీదికే మూసుకుంటుంది.

ఆదివారం తెల్లవారుజామున, రద్దీ లేనప్పుడు, ప్రకాశం బ్యారేజి మీదుగా నెమ్మదిగా తీసుకురా. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టకు, వెనక కూర్చోమను. రబ్బరు మాత్రం ఏమీ కొనకు, మనిద్దరం కలిసి చూసి కొందాం. జాకీ, చెక్కలు నా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
మీ మామయ్య