బ్లూటూత్ స్పీకర్ కొనేటప్పుడు వాట్లు చూస్తే సరిపోతుందా?

సరిపోదు. వాట్లు రెట్టింపైనా శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెమే తేడా తెలుస్తుంది. మీకు బాగా అలవాటైన పాట పెట్టి, ముందు సగం వాల్యూమ్‌లో, తర్వాత పూర్తిగా పెంచి వినండి. చాలా చిన్న స్పీకర్లు సౌండ్ పెంచేకొద్దీ, శబ్దం పగిలిపోకుండా బేస్‌ను తామే తగ్గించేస్తాయి. అప్పుడు పాట మరీ పల్చబడినా, గొంతు గీరుకున్నట్టు వినిపించినా వదిలేయండి. (షోరూమ్ గోలలో అన్నీ బాగానే అనిపిస్తాయి, జాగ్రత్త.)

బ్యాటరీ గంటలు సాధారణంగా మధ్యస్థ వాల్యూమ్‌లో లెక్కేసినవి. గట్టిగా పెడితే బాగా తగ్గుతాయి.

నీళ్లు, దుమ్ము నుంచి రక్షణ ఎంతో చెప్పేది ఐపీ రేటింగ్. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. అందులో ఎక్స్ ఉందంటే దుమ్ముకు రేటింగ్ ఇవ్వలేదన్నమాట. ఇసుకలో వాడేవాళ్లు దుమ్మునూ ఆపే ఐపీ67 చూసుకోవాలి.

సినిమాలకూ వాడతారా? పెదాలు కదిలాక మాట ఆలస్యంగా వస్తోందేమో ఒక వీడియో పెట్టి చూడండి.