నాన్నగారి అంబాసిడర్‌కు వింటేజ్ ముద్ర వేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారు 1969లో కొత్తగా కొన్న అంబాసిడర్ మార్క్ 2 కారు మా ఇంట్లో ఉంది. మూడు అక్షరాల పాత నంబరు. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక 1986లో ఆయన దానికి డీజిల్ ఇంజిన్ వేయించారు గానీ, ఆర్సీలో మాత్రం ఇప్పటికీ పెట్రోలు అనే, పాత ఇంజిన్ నంబరే ఉంది. ఆయన 2022లో కాలం చేశారు. 2023లో ఆర్సీ గడువు ముగిసింది. అమ్మ, అన్నయ్య, అమెరికాలో ఉంటున్న చెల్లెలు, నేను వారసులం. ముప్పై ఏళ్లుగా ఆ కారు బాగోగులు చూసుకుంటున్నది నేనే. వసారాలో గోనె పట్టాల్లో చుట్టి దాచిన అసలు పెట్రోలు ఇంజిన్‌ను బాగు చేయించి మళ్లీ ఎక్కిద్దామని విజయవాడలో ఒక గ్యారేజీకి ఇచ్చాను. 90,000 రూపాయలకు రాతపూర్వకంగా ఒప్పుకున్నవారు ఇప్పుడు 1,70,000 చెల్లిస్తే తప్ప ఇంజిన్ ఇవ్వమంటున్నారు. కారును వింటేజ్ కింద నమోదు చేయించుకోవాలని నా కోరిక. ఇంత పాత కారు తుక్కుకే వెళ్లాలని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందుగా మీ బంధువుల భయం తీరుస్తాను. పదిహేనేళ్లు నిండగానే రెన్యువల్ నిలిపివేసి తుక్కు చేయాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అది ప్రభుత్వాలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు చెందిన వాహనాలకే వర్తిస్తుంది. ఢిల్లీ పరిసరాల్లోని ఆంక్షల వార్తలు చూసి ఇక్కడివారు కంగారు పడుతుంటారు గానీ, కాకినాడలోని సొంత కారుకు వాటితో సంబంధం లేదు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గిన సొంత కారు ఆర్సీని ఐదేళ్లకొకసారి పొడిగించుకుంటూ పోవడానికి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ అవకాశం ఇస్తోంది.

కాబట్టి మీ ముందు సాధారణ రెన్యువల్, వింటేజ్ నమోదు అనే రెండు దారులున్నాయి. మీరు రెండోదాన్ని మాత్రమే చూస్తున్నారని నాకనిపిస్తోంది. వింటేజ్ నమోదును చాలామంది పాత కారుకు దక్కే బిరుదులా భావిస్తారు. చట్టం దృష్టిలో అది బిరుదు కన్నా ఎక్కువగా ఒక పరిమితి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 జూలైలో చేర్చిన 81ఎ నుంచి 81జి వరకు ఉన్న నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్‌గా నమోదు చేస్తారు. (పాత కార్ల అభిమానులు 1919–1930 మధ్య తయారైన వాటినే వింటేజ్ అనడం మీకు తెలిసే ఉంటుంది, మన చట్టానికి ఆ తేడాలతో పని లేదు.) మొదటి నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, తిరిగి నమోదుకు 5,000. కొత్తగా నమోదయ్యే వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు గానీ, ఇక్కడ ఇప్పటికే రిజిస్టరైన కారుకు పాత నంబరునే ఉంచుకోవచ్చు కనుక, మీ నాన్నగారి మూడక్షరాల నంబరు ఎక్కడికీ పోదు. వింటేజ్ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం రాయితీ కూడా ఉంది.

అసలు మెలిక ఆ తరువాతి నిబంధనలో ఉంది. ఆ విధంగా నమోదైన కారును రోజువారీ అవసరాలకు గానీ, వ్యాపారానికి గానీ నడపకూడదు. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, అక్కడికి రాకపోకలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. ఆదివారం అమ్మగారిని ఎక్కించుకుని అన్నవరం వెళ్లి రావడం ఈ జాబితాలో లేదు. మేనల్లుడి పెళ్లికి పూలు కట్టి ఊరేగింపులో తీసుకువెళ్లడమూ లేదు. ముప్పై ఏళ్లు చేతులు మసి చేసుకున్నది ఆ కారును నడపడానికే అయితే, సాధారణ రెన్యువలే మీకు తగినదని నా అభిప్రాయం. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. గడువు మీరినందుకు అదనపు రుసుము కూడా పడుతుంది. అయినా ఆ డబ్బుకు మీకు దక్కేది ఐదేళ్ల స్వేచ్ఛ. కారును ఇకపై ప్రదర్శనలకే పరిమితం చేసి భద్రపరచాలనుకుంటే మాత్రం వింటేజ్ మేలు. ఏ దారిలోనైనా అద్దెకు తిప్పవద్దు. పర్మిట్ లేకుండా కిరాయికి వెళ్లిన సొంత కారుకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ విషయాన్నే.

ఇక ఇంజిన్ సంగతి. కారును అసలు రూపంలోనే కాపాడి ఉండాలని, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులతో కూడిన భారీ ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదని వింటేజ్ నిబంధన చెబుతోంది. పెట్రోలు కారుకు డీజిల్ ఇంజిన్ వేయడం నిస్సందేహంగా మార్పే. మామూలు రెన్యువల్‌కు కూడా అది అడ్డే, ఎందుకంటే ఆర్సీలోని వివరాలకు, తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చరాదని 52వ సెక్షన్ నిషేధిస్తోంది; 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. 1986 తరువాత ఇన్నిసార్లు రెన్యువల్ జరిగినా ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ బానెట్ ఎత్తి నంబరు సరిచూడలేదంటే, దాన్ని మీ అదృష్టం అనుకోండి, హక్కు అనుకోవద్దు. నాన్నగారు చేసిన పనికి ఇప్పుడు మీపై కేసు పెడతారేమోనన్న భయం అక్కరలేదు. అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా విధించే 182ఎ సెక్షన్ వచ్చిందే 2019లో. వెనకటి పనికి కొత్త శిక్ష వేయరాదని రాజ్యాంగం 20వ అధికరణ చెబుతోంది. అయితే ఆ డీజిల్ ఇంజిన్‌తోనే ఇకపై రోడ్డు మీదకు వస్తే దానికి బాధ్యులు మీరే అవుతారు.

అసలు ఇంజిన్‌ను తిరిగి ఎక్కించాలన్న మీ ఆలోచన చట్టరీత్యా కూడా సరైనదే. అప్పుడు బ్లాకు మీది నంబరు ఆర్సీలోని నంబరుతో కలుస్తుంది, మార్పు నమోదు చేయించాల్సిన పనే ఉండదు. బోరింగ్ చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడం, వాల్వులు గ్రైండింగ్ చేయడం వంటివి నా దృష్టిలో మరమ్మతులే, నిబంధన చెప్పిన మార్పులు కావు. ఎందుకైనా మంచిది, ప్రతి పనికీ బిల్లు తీసుకుని, విప్పక ముందూ బిగించిన తరువాతా ఫొటోలు దాచండి. ఛాసిస్ నంబరున్న చోట మాత్రం టింకరింగు, పెయింటింగు వాళ్లను చేయి పెట్టనివ్వవద్దు. తుప్పు గీకే ఉత్సాహంలో ఆ అంకెలు అరిగిపోయిన కార్లు నా దగ్గరకు వచ్చాయి. వాటి యజమానులకు అధికారుల ముందు నిజం నిరూపించుకోవడానికే ఏళ్లు పట్టింది.

వారసత్వం మీ విషయంలో పెద్ద చిక్కు కాదు. కారు నాన్నగారి స్వార్జితం కనుక, ఆయన వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం కింద మీ నలుగురికీ సమాన వాటాలు వస్తాయి. యజమాని మరణించిన మూడు నెలల్లో పేరు మార్పు దరఖాస్తు అయిన ఫారం 31 ఇవ్వాలని 56వ నిబంధన చెబుతోంది. ఆ గడువు ఎప్పుడో దాటింది కనుక అపరాధ రుసుముతో దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగిలిన ముగ్గురి సమ్మతి అఫిడవిట్లు జతపరచండి. చెల్లెలు తన అఫిడవిట్‌ను అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపవచ్చు. పేరు మారిన తరువాతే రెన్యువలో వింటేజో ఆలోచించండి, అప్పటిదాకా కారును షెడ్డులోనే ఉంచండి. బీమా లేకుండా ట్రయల్ పేరుతో వీధి చివరి వరకు వెళ్లడం కూడా 146వ సెక్షన్ ఉల్లంఘనే.

గ్యారేజీవారి మాటలో కొంత న్యాయం ఉందని చెప్పక తప్పదు. తన నైపుణ్యం, శ్రమ పెట్టి బాగు చేసిన వస్తువును, న్యాయంగా రావలసిన కూలి ముట్టేవరకు అట్టిపెట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కు ఇచ్చింది. కానీ ఆ హక్కు రావలసిన సొమ్ముకే గానీ అడిగినంత సొమ్ముకు కాదు. 90,000కు రాత ఉంది కనుక, మీ అంగీకారం లేకుండా పెరిగిన 80,000కు ఆధారం చూపవలసింది వారే. అదనంగా వేసిన విడిభాగాల జాబితా, బిల్లులు కోరుతూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి కొన్ని సామాన్ల ధర నిజంగానే పెరిగి ఉండవచ్చు. బిల్లు ఉన్నంతవరకు ఇచ్చేయడమే మర్యాద. ఒప్పుకున్న మొత్తాన్ని బ్యాంకు ద్వారా చెల్లించి, మిగతా దానిపై అభ్యంతరాన్ని రాతలో తెలపండి. అప్పటికీ ఇవ్వకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, విజయవాడ తిరగనక్కరలేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కనుక రుసుము లేదు, గడువు రెండేళ్లు, ఇంజిన్‌ను అమ్మకుండా, మార్చకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా అడగవచ్చు. పోలీసుల దగ్గరకు ఇప్పుడే వెళ్లవద్దు, సివిల్ తగాదా అని తిప్పి పంపుతారు. ఇంజిన్‌ను వేరొకరికి అమ్మారనో, మార్చేశారనో తేలిన రోజున మాత్రం అది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మక ద్రోహం అవుతుంది.

ఇంజిన్ తీసుకోవడానికి వెళ్లిన రోజున ఒక పని మరవకండి. ఆఖరి రూపాయి ఇచ్చే ముందు, బ్లాకు మీది నంబరు ఉన్న చోట గ్రీజు తుడిచి, పలుచటి తెల్ల కాగితం అద్ది పెన్సిలుతో రుద్ది ముద్ర తీసి, దాని కింద గ్యారేజీ యజమాని చేత సంతకం పెట్టించుకుని, ఒక్కొక్క అంకెనూ ఆర్సీతో పోల్చి చూసుకోండి.