తోట సంగతి దాచకు బిడ్డా

(నల్లగొండలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి రిటైరైన లెక్చరర్, పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మూడెకరాల బత్తాయి తోట తప్ప మాకు వేరే ఆధారం లేదు. ఇంటర్ అయిన పిల్లలకు కూడా పూర్తి ఖర్చు భరించే కాలేజీలు అమెరికాలో ఉన్నాయట. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండున్నర లక్షలు కడితే ఫుల్ ఫండింగ్ గ్యారంటీ అన్నారు. ముందు సీటు తెచ్చుకుని డబ్బు సంగతి తర్వాత అడుగుదామన్నారు. తోట ఉందని ఫారంలో రాయొద్దన్నారు. నాయిన తోట మీద అప్పు తెస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని

జవాబు: అప్పు తేవద్దని ముందు మీ నాయినకు చెప్పు బిడ్డా. ఈ విషయంలో గ్యారంటీ ఇవ్వగలిగినవాళ్లు ఎవరూ లేరు. పైగా వాళ్లు నీకు చెప్పిన రెండు సలహాలూ తప్పే.

స్కాలర్‌షిప్ అనగానే మనకు ఎక్కడో ఒక ఆఫీసు, ఒక పరీక్ష, ఒక లిస్టు గుర్తొస్తాయి. అక్కడ అలా కాదు. డబ్బు సీటిచ్చే కాలేజీ దగ్గరే ఉంటుంది. ఏడాదికి 80 వేల డాలర్లు పైబడే ఖర్చులో మీ ఇంటివాళ్లు ఎంత పెట్టుకోగలరో లెక్కగట్టి, మిగిలింది కాలేజీయే భరిస్తుంది, అయితే అన్నీ కాదు, కొన్ని కాలేజీలే. విదేశీ పిల్లలు డబ్బు సాయం అడిగారా లేదా అన్నది చూడకుండా సీటు తేల్చే కాలేజీలను ‘నీడ్ బ్లైండ్’ అంటారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, అమ్‌హెర్స్ట్ మొదటి నుంచీ ఈ వరుసలో వినపడే పేర్లు. 2022లో డార్ట్‌మత్, బౌడన్ చేరాయి. ఆ తర్వాత బ్రౌన్, నోట్రడామ్ కూడా వచ్చాయి. పేర్లు చూసి మురిసిపోకు, హార్వర్డ్‌లో నూటికి నలుగురికి కూడా సీటు రావడం కష్టం.

అందుకే నీ లిస్టులో రెండో రకం కాలేజీలే ఎక్కువ ఉండాలి. ఇవి ‘నీడ్ అవేర్’. నువ్వు ఎంత అడుగుతున్నావో చూసే సీటు తేలుస్తాయి, కానీ సీటిచ్చాయంటే అవసరమైనంతా ఇస్తాయి. మెకాలెస్టర్, వాసర్, స్వార్త్‌మోర్ అలాంటివి. స్మిత్, వెల్స్లీ, మౌంట్ హోల్యోక్ అయితే ఆడపిల్లల కాలేజీలు. మీ అమ్మకు ఈ మాట ముందు చెప్పు, సగం టెన్షన్ తగ్గుతుంది. కెంటకీ రాష్ట్రంలో బెరియా కాలేజీ ఉంది. అక్కడ ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోరు, ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు కాలేజీలో పని చేయాలి. విదేశీ పిల్లల్ని ఏటా కొద్దిమందినే తీసుకుంటారు.

‘ముందు సీటు, తర్వాత డబ్బు’ అన్నారు చూడు, ఆ సలహా వింటే మునిగిపోతావు. చాలా కాలేజీల్లో విదేశీ విద్యార్థి అప్లై చేసినప్పుడే సాయం అడగకపోతే ఇక తర్వాత అడిగే వీలుండదు. సీటు వస్తుంది, ఐ-20 (వీసాకు కాలేజీ ఇచ్చే పత్రం) కోసం మొదటి ఏడాది ఖర్చంతా బ్యాంకులో చూపించమంటారు, అక్కడే ఆగిపోతావు.

ఇక తోట. డబ్బు సాయం లెక్కగట్టడానికి చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారం అడుగుతాయి. అక్టోబర్ 1న మొదలవుతుంది. అందులో ఆదాయం, భూమి, అప్పు అన్నీ రాయాలి. ఎకరం ఇన్ని లక్షలని రాస్తే కోటీశ్వరులం అనుకుంటారేమో అని నీ భయం. ఆ భయం ఉత్తదేం కాదు. అయినా దాచకు. దాచినట్టు బయటపడితే వచ్చిన సీటు కూడా పోతుంది. ఫారంలో ప్రత్యేక పరిస్థితులు రాసుకోవడానికి చోటుంటుంది. అక్కడ రాయి: ఈ తోటే మాకు కూడు, దీన్ని అమ్మితే ఆదాయమే ఉండదు, ఫలానా ఏడు బోరు ఎండిపోయి ఇన్ని చెట్లు పోయాయి అని. మీ నాయినకు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను ఉండదు కాబట్టి మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువీకరణ పత్రం, కాయ అమ్మినప్పటి తక్‌పట్టీలు, బ్యాంకు పాసుబుక్కు, వీటి ఇంగ్లిష్ అనువాదాలు దగ్గర పెట్టుకో. ఈ ఫారానికి మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 16 డాలర్లు. కట్టలేమని కాలేజీకే మెయిల్ రాస్తే కొన్ని ఫీజు మాఫీ కోడ్ ఇస్తాయి, కొన్ని డబ్బు అక్కర్లేని వేరే ఫారం పంపుతాయి. అడగడానికి సిగ్గుపడకు.

కామన్ యాప్, అంటే చాలా కాలేజీలకు ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్, ఆగస్టు 1న తెరుచుకుంటుంది. చాలా కాలేజీలకు గడువు జనవరి మొదటి వారం. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షకు దాదాపు పది వేలవుతుంది, అయితే అది అన్ని కాలేజీలకూ తప్పనిసరి కాదు. దాని ప్రాక్టీసుకు ఖాన్ అకాడమీ వెబ్‌సైట్, శాట్ వాళ్ల బ్లూబుక్ యాప్ చాలు, రెండూ ఉచితం. సందేహాలకు అమెరికా ప్రభుత్వ తోడ్పాటుతో నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సెంటరు హైదరాబాద్‌లోనే ఉంది, అక్కడ సలహాకు పైసా తీసుకోరు.

ఇంకో సంగతి, ఎవరూ చెప్పనిది. వాళ్లకు తొమ్మిదో తరగతి నుంచి మార్కులు కావాలి. మన దగ్గర టెన్త్ మెమో తప్ప తొమ్మిది మార్కులు ఎవరు దాస్తారు? ఒక పిల్లవాడి కోసం నేనే వాళ్ల ఊరి హైస్కూలుకు వెళ్లాను. బీరువా తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ సెలవులో. మర్నాడు తీస్తే రిజిస్టరు అట్టంతా చెద. లోపలి పేజీలు బతికున్నాయి. హెడ్‌మాస్టర్ గారు అక్కడే కూర్చుని లెటర్‌హెడ్ మీద మార్కులు దించి స్టాంపు వేశారు. నువ్వు ఈ వారమే వెళ్లు, జనవరి దాకా ఆగకు.

ఎప్‌సెట్ చదువు మాత్రం ఆపొద్దు. అమెరికా జవాబులు మార్చి ఆఖరుకు గానీ రావు.

ప్రశ్న: మా అబ్బాయి విదేశంలో ఇంజనీరింగ్ చదువుతానంటున్నాడు. రాష్ట్ర ప్రభుత్వం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షలు ఇస్తుందటగా? జర్మనీలో అయితే చదువు ఉచితమట, నిజమేనా? – ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: ఆ 20 లక్షల పథకాలు పీజీ, పీహెచ్‌డీలకే అన్నా. ఇంటర్ తర్వాత వెళ్లేవాళ్లకు వర్తించవు. బీటెక్ ఇక్కడ చదివి ఎంఎస్‌కు వెళ్లినప్పుడు అడగండి.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ఫీజు లేని మాట నిజమే. తిండి, గది ఖర్చు మాత్రం మనదే. వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోగల బ్యాంకు ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపాలి. ఒక్క ఇంటర్ మార్కులతో నేరుగా చేర్చుకోరు కూడా. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత ఉంటే దారి సులువు. డబ్బంతా వాళ్లే పెట్టుకునేది కావాలంటే జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ చూడండి. ఫీజు, విమానం టికెట్టు, నెలనెలా ఖర్చులు, మొదటి ఏడాది జపనీస్ నేర్పడం అన్నీ అందులోనే. అయితే పరీక్ష గట్టిది.

ప్రశ్న: సార్, నేను వనపర్తిలో జూనియర్ లెక్చరర్‌ని. ఒక అమ్మాయి అమెరికా కాలేజీకి సిఫారసు లేఖ అడిగింది. ఎప్పుడూ రాయలేదు. నమూనా ఏదైనా పంపగలరా?

జవాబు: నమూనా పంపను, నమూనాతోనే నేను చెడ్డాను. మొదటిసారి ముగ్గురు పిల్లలు అడిగితే ముగ్గురికీ ఒకటే రాసిచ్చాను: సిన్సియర్, ఒబీడియెంట్, పంక్చువల్, ఉజ్వల భవిష్యత్తు కోరుకుంటున్నాను. కాండక్ట్ సర్టిఫికెట్‌కు పేరు మార్చినట్టే. అందులో ఇద్దరు ఒకే కాలేజీకి పెట్టుకున్నారని నాకు తర్వాత తెలిసింది. ముగ్గురికీ రాలేదు. నా లేఖ వల్లే అని అనలేను, కానీ ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ తల వంగుతుంది.

రెండేళ్ల తర్వాత ఇంకో అబ్బాయి వచ్చాడు. వాళ్లమ్మది నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మిర్చి బజ్జీల బండి. ఈసారి వాణ్ని కూర్చోబెట్టి, సాయంత్రం ఇంటికెళ్లి ఏం చేస్తావురా అని అడిగాను. సంచిలోంచి నూనె మరకల నోటుబుక్కు తీశాడు. ఏ రోజు ఎన్ని కిలోల శనగపిండి కలిపారు, ఎంత మిగిలి పారేశారు, వాన పడిందా, పరీక్షలా, పెళ్లిళ్లా, అమావాస్యా, పది నెలల లెక్క అందులో ఉంది. అది చూసి పిండి కలిపితే రోజూ పారబోసేది సగానికి తగ్గిందట. నాకు లెక్కలు రావు, కానీ ఆ నోటుబుక్కు గురించి ఒక పేజీన్నర రాశాను. ఒబీడియెంట్ అన్న మాట ఎక్కడా లేదు. వాడికి ఒక చిన్న కాలేజీలో పూర్తి సాయంతో సీటొచ్చింది. ఇప్పుడు అక్కడి మెస్‌లో వారానికి ఎనిమిది గంటలు పళ్లేలు కడుగుతూ, ఇక్కడెంత అన్నం పారేస్తారో సార్ అని ఫోన్ చేస్తాడు.

మీరూ ఆ అమ్మాయిని ఒక గంట కూర్చోబెట్టి అడగండి. ఇంగ్లిష్ గొప్పగా ఉండనక్కర్లేదు. లేఖ అమ్మాయి చేతికి ఇవ్వకూడదు, లింకు నేరుగా మీ మెయిల్‌కే వస్తుంది. స్పామ్‌లో కూడా చూసుకోండి, నాది అక్కడే తొమ్మిది రోజులు పడి ఉంది.