గంటన్నర ప్రసంగం విన్నా ఏమీ గుర్తుండదు, పాటలు మైకు హోరులో కలిసిపోతాయి: గజపతినగరం వైపు పల్లె క్రైస్తవ సంఘాల్లో ఆరాధన మెరుగుపడాలంటే ఏం చేయాలి?

ముందు ప్రసంగం సంగతి. నిడివి కన్నా పెద్ద లోపం, బైబిల్లో వచనం నుంచి వచనానికి గెంతడం. పదిహేను రిఫరెన్సులు తిప్పిస్తే ఒక్కటీ మనసులో దిగదు. ఒకే వాక్యభాగం తీసుకుని దాని ముందువెనుకలు చదవాలి. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరగానే చాలామంది ఆపేస్తారు. కానీ యేసు పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని పరిసయ్యులూ శాస్త్రులూ (ఆనాటి యూదు మతబోధకులు) సణిగినట్టు అధ్యాయం మొదట్లోనే ఉంది. ఆ ఉపమానం వాళ్లకు జవాబు. వాళ్లలాగే సణిగి, కోపంతో ఇంట్లోకి రానన్న పెద్దకొడుకును వదిలేస్తే అసలు మాటే పోతుంది. పాత బైబిల్ అనువాదం గ్రాంథికం కాబట్టి నిదానంగా చదివి, అదే సంగతి మన ఉత్తరాంధ్ర మాటలో మళ్లీ చెప్పాలి. అలా చెబితే 30 నిమిషాలు చాలు.

రేకుల కప్పు, బోసి గోడల మందిరంలో శబ్దం ఎలాగూ తిరిగి కొడుతుంది. దానిమీద మిక్సర్లో ఎకో (ప్రతిధ్వని) పెడితే మాటలు ఒకదానిపై ఒకటి పడతాయి. వాక్యం చెప్పేటప్పుడు ఎకో పూర్తిగా తీసేయండి. స్పీకర్లు మైకుకు ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. వెనక ఉంటే కూత పెడతాయి.

రికార్డు పాటల శ్రుతి ఆ గాయకులకు సరిపోయేది. పైస్థాయి అందక సంఘం పాడటం మానేస్తుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) రెండు మూడు మెట్లు తగ్గించండి. పాత కీర్తనలకు రాగం, తాళం పాట పైనే అచ్చయి ఉంటాయి. రిథమ్ పెట్టేముందు చూడండి. ఎనిమిది దెబ్బల ఆది తాళం కీర్తనకు మూడు దెబ్బల రిథమ్ వేస్తే అందరూ తడబడతారు.