కెగ్ మూత తెరిచి పోస్తే బీరు కాదు, పులుసే

ఇంట్లో చేసిన బీరుని కెగ్‌లోకి (బీరు నిల్వ చేసే స్టీలు పీపా) మార్చేటప్పుడు, ముందు కెగ్‌లోకి కాస్త సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) వదిలితే బీరుకి గాలి తగలకుండా ఉంటుందా అని ఒకరు అడిగారు. ఉండదండీ. ఆ నమ్మకంతోనే నేను ఒక కెగ్గు మొత్తం సింకులో పారబోసుకున్నా.

మాది డల్లాస్ దగ్గర. (ఇక్కడ 1978 చట్టం పుణ్యమా అని ఇంట్లో చేసుకోవచ్చు, ఇండియాలో అయితే ఎక్సైజ్ కేసే, నన్ను ఇరికించకండి.) మూడేళ్ల కిందట హేజీ ఐపీఏ అనే మబ్బు రంగు బీరు చేశా, దానికి వాసనిచ్చే హాప్స్ పువ్వులకే బోలెడు తగలేశా, రంగూ వాసనా అచ్చం మామిడి రసమే. గాలికన్నా బరువు కాబట్టి సీఓటూ అడుగున దుప్పటిలా పరుచుకుంటుందని యూట్యూబ్‌లో ఎవరో చెప్తే, మూత తీసి రెండు నిమిషాలు గ్యాసు వదిలి పైపుతో బీరు దింపేశా. మధ్యలో పైపు కొస పైకి లేచి గలగలా చప్పుడొచ్చింది, పట్టించుకోలా. రెండు వారాలకి దసరా, మా బావమరిది వాళ్లొచ్చారు, గ్లాసులో పడితే రంగు చింతపండు పులుసు, వాసన తడిసిన అట్టపెట్టె. వాడు ఒక గుక్క తాగి "బావా, పోపు మర్చిపోయినట్టున్నావ్" అన్నాడు. ఇప్పటికీ ప్రతి ఫంక్షన్లో అదే జోకు.

దుప్పటీ లేదు, బొంతా లేదు, గ్యాసులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇది చెప్తే యూట్యూబ్ మేధావులు వాదనకి దిగుతారు. బీరుకి గాలి తగలకూడదన్న సంగతి మా అమ్మకి మాత్రం ఒక్క మాటలో అర్థమైంది, "ఆవకాయ మీద నూనె తేలాలి, అంతేగా" అంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. కెగ్‌ని శానిటైజర్ నీళ్లతో అంచుదాకా నింపి, మూత బిగిస్తా. కెగ్ పైన పైపులు తగిలించే రెండు మొనలుంటాయి, వాటినే పోస్టులంటారు. గ్యాస్ పోస్టులోంచి సీఓటూ పంపి నీళ్లన్నీ లిక్విడ్ పోస్టులోంచి బయటికి నెట్టేస్తా, లోపల మిగిలేది గ్యాసే. తర్వాత కెగ్‌లో ప్రెషర్ వదిలెయ్యాలి, లేకపోతే అది ఎదురు తన్ని ఫెర్మెంటర్లో (బీరు పులిసే పాత్ర) బుడగలు లేపుతుంది. ఫెర్మెంటర్ బల్ల మీద, కెగ్ నేల మీద. ఫెర్మెంటర్ కుళాయి నుంచి పైపు లిక్విడ్ పోస్టుకి, దాని లోపలి గొట్టం (డిప్ ట్యూబ్) అడుగుదాకా ఉంటుంది కాబట్టి బీరు చప్పుడు లేకుండా కిందనుంచి నిండుతుంది. గ్యాస్ పోస్టు నుంచి ఇంకో పైపు ఫెర్మెంటర్ మూతకి, బీరు దిగేకొద్దీ కెగ్‌లో గ్యాసు వెళ్లి పైన ఆ ఖాళీలో చేరుతుంది. ఫెర్మెంటర్‌గా వాడే గాజు కార్బాయ్‌కి (పెద్ద సీసా) మాత్రం సిలిండర్ తగిలించి ప్రెషర్ పెట్టొద్దు, పగిలితే ప్రాణం మీదకొస్తుంది.

సిలిండర్ రీఫిల్ అంటే నాకు ఒళ్లుమంట, కొత్తది ఇస్తే సొట్టలు పడ్డ పాతది చేతిలో పెడతారు. అందుకే ఈమధ్య పులిసేటప్పుడు వచ్చే గ్యాసునే కెగ్‌లోంచి పోనిస్తున్నా, 19 లీటర్ల బీరుకి వందల లీటర్ల గ్యాసు వస్తుంది, గాలిని అదే తరిమేస్తుంది.

ఇప్పటికే మూత తెరిచి పోసేసుంటే, 30 పీఎస్ఐ ప్రెషర్ దాకా సీఓటూ నింపి వదిలిన ప్రతిసారీ పైన ఉన్న గాలిలో మూడో వంతు మిగులుతుంది, అంటే రెండు మూడు సార్లు చేస్తే సరిపోదు, పదిసార్లైనా చెయ్యండి. బీరులో అప్పటికే కలిసిపోయిన గాలి మాత్రం బయటికి రాదు.

ఇంకోటి, హాప్స్ ముక్క పోస్టులో ఇరుక్కుని బీరు సగంలో ఆగిపోతుంది, అప్పుడు కంగారుపడి మూత తియ్యకండి, కుళాయి కట్టేసి పోస్టుకి పైపుని తగిలించే బిగింపు (డిస్కనెక్ట్) ఒక్కటే విప్పి కడిగి మళ్లీ తగిలించండి.